ఏకగ్రీవంలో ఆడవాళ్ల ఓటు ఏమైనట్టు?

పంచాయతీ ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ పత్రికలు ఒక రకం వార్తను సంబరంగా వేస్తాయి. ఫలానా గ్రామం ఏకగ్రీవం. ఫొటోలో పూలదండ వేసుకున్న కొత్త సర్పంచ్, సీటు మహిళలకు రిజర్వయితే ఆమె పక్కనే భర్త, వెనక పదిమంది పెద్దమనుషులు. పోటీ లేదు, ఖర్చు లేదు, గొడవ లేదు, ఊరంతా ఒక్క మాట మీద నిలబడింది అని రాస్తారు. ఆ ఫొటోలో ఊరి ఆడవాళ్లు ఎక్కడున్నారని మాత్రం ఎవరూ వెతకరు.

గ్రీవం అంటే మెడ. ఏకగ్రీవం అంటే ఊరందరికీ కలిపి ఒకే మెడ అన్నమాట. ఆ మెడ మీద ఉన్న తల ఎవరిదో తెలుసుకోవాల్సిన అవసరం మనకుంది. ఎందుకంటే ఏకగ్రీవాన్ని మెచ్చుకునేవాళ్లలో ప్రభుత్వాలూ పార్టీలే కాదు, గ్రామాల్లో పనిచేసే స్వచ్ఛంద సంస్థలూ, కొన్ని మహిళా సంఘాలూ కూడా ఉన్నాయి. సర్పంచ్ నుంచి వార్డు సభ్యుల దాకా అందరూ మహిళలే ఏకగ్రీవంగా ఎన్నికైన పంచాయతీ అంటే ఇక చెప్పనక్కర్లేదు. దాన్ని స్త్రీల సాధికారతకు నమూనాగా చూపిస్తారు. గుజరాత్‌లో 2001 నుంచి అమలవుతున్న సమరస్ పథకంలో అలాంటి పంచాయతీలకు మామూలు ఏకగ్రీవాల కంటే ఎక్కువ డబ్బిస్తారు.

మన రాష్ట్రంలోనూ ఇది కొత్త కాదు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఏకగ్రీవ పంచాయతీలకు నజరానా ప్రకటించడం ఆనవాయితీగా వస్తోంది. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల రూపాయల దాకా ఇస్తామని ప్రభుత్వం పత్రికల్లో పెద్ద పెద్ద ప్రకటనలు వేసింది. రాష్ట్ర ఎన్నికల సంఘం ఆ ప్రకటనల మీద అభ్యంతరం చెప్పింది. చిత్తూరు, గుంటూరు జిల్లాల్లో ఏకగ్రీవాలు మరీ ఎక్కువగా ఉన్నాయని నివేదికలు అడిగింది. ప్రభుత్వానికీ ఎన్నికల సంఘానికీ అప్పుడు నడిచిన గొడవలో అసలు విషయం మరుగున పడిపోయింది. చివరకు రాష్ట్రంలోని 13 వేలకు పైగా పంచాయతీల్లో రెండు వేలకు పైగా సర్పంచ్ పదవులు ఓటు లేకుండానే నిండిపోయాయి. అంతకు ముందు, 2020 మార్చిలో నామినేషన్లు పూర్తయిన జడ్పీటీసీ స్థానాల్లో 126 ఇలాగే ఏకగ్రీవమయ్యాయి. ఓటు వేసి తన సర్పంచ్‌ను ఎన్నుకున్న ఊరికి నజరానా లేదు. ఓటు మానుకున్న ఊరికి ఉంది. ఓటు హక్కు మీద ప్రభుత్వం తన ఖజానాతో చెప్పిన అభిప్రాయం ఇది.

ఓటు హక్కు అనగానే మనకు పోలింగు రోజు, వేలి మీద సిరా గుర్తొస్తాయి. చట్టం మాత్రం ఎన్నికల హక్కును అంత ఇరుకుగా చూడలేదు. 1920లో భారత శిక్షాస్మృతిలో చేర్చిన అధ్యాయం దగ్గర్నుంచి, దాని స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 169వ సెక్షన్ దాకా నిర్వచనం ఒకటే. అభ్యర్థిగా నిలబడడం, నిలబడకపోవడం, నామినేషన్ ఉపసంహరించుకోవడం, ఓటు వేయడం, వేయకుండా ఉండడం, ఇవన్నీ కలిసే ఎన్నికల హక్కు. వీటిలో దేన్ని వాడుకోవడానికైనా డబ్బో మరో ప్రతిఫలమో ఇస్తే, తీసుకుంటే అది లంచం కిందికి వస్తుంది. అంటే ఓటుకు వెయ్యి రూపాయలు పంచడం ఎంత నేరమో, గుడికి ఇన్ని లక్షలు ఇస్తాను, మిగతావాళ్లు తప్పుకోండి అని సర్పంచ్ పదవిని వేలంపాటలో పాడుకోవడమూ అంత నేరమే. మొదటిదాన్ని అందరూ అసహ్యించుకుంటారు. రెండోదాన్ని ఊరి మంచి అంటారు. ప్రభుత్వం ఇచ్చే నజరానా చట్టరీత్యా లంచం కాకపోవచ్చు. కానీ ఆ ఐదు లక్షలను చూపించి, నువ్వు నిలబడితే ఊరికి వచ్చే డబ్బు పోతుంది అని ఒక దళిత స్త్రీని రచ్చకట్ట దగ్గర నిలదీసినప్పుడు ఆ తేడా ఆమెకు ఏం పనికొస్తుంది?

ఈ సంగతి ఓబులదేవరచెరువు లాంటి చోట ఎలా ఉంటుందో చూద్దాం. పాత అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. చుట్టూ నల్లమాడ, ఆమడగూరు, ఇటు గోరంట్ల. ఊరి పేరులో చెరువు ఉన్నా చేను మాత్రం వానను నమ్ముకున్నదే. చెనక్కాయ పంట పోయిన ఏడు బెంగుళూరు బస్సెక్కాల్సిందే. బేల్దారి పనికి, ఇళ్లల్లో పాచిపనికి, అపార్టుమెంట్ల కాపలాకు మొగుడూ పెళ్లాలు కలిసి పోతారు. కదిరి వైపు పల్లెల నుంచి గల్ఫ్ దేశాలకు ఇంటిపనికి పోయిన ఆడవాళ్లూ ఉన్నారు. విదేశాల్లో ఉన్న భారతీయులకు 2010 సవరణతో ఓటు హక్కు వచ్చింది గానీ, పోలింగు కేంద్రానికి స్వయంగా వచ్చి వేయాలి. కువైట్‌లో యజమానురాలి దగ్గర పాస్‌పోర్టు ఉన్న మనిషి ఓటేయడానికి వస్తుందా?

బెంగుళూరు వాళ్లు మాత్రం వస్తారు. ఎన్నికలప్పుడు పార్టీలు బస్సులు పెట్టి, చార్జీలిచ్చి తీసుకొస్తాయి. ఓటర్లను అలా తరలించడం ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం అవినీతి చర్య. నిజమే. కానీ ఆ బస్సును మనం కేవలం అవినీతిగా చూసి వదిలేస్తే ఒక విషయం తప్పిపోతుంది. బెంగుళూరులో రేకుల షెడ్డులో ఉండి ఇటుకలు మోసే మనిషి కోసం ఊరి పెద్దలు ఫోన్లు చేసి, బతిమాలి, బండి పంపించేది ఐదేళ్లలో ఆ ఒక్కసారే. ఆ రెండు రోజుల్లోనే ఆమె రేషన్ కార్డు సంగతి అడుగుతుంది, అత్త పింఛను ఎందుకు ఆగిందో నిలదీస్తుంది, తన పేరు ఇంకా జాబితాలో ఉందో లేదో చూసుకుంటుంది. ఊరు ఏకగ్రీవమైతే బస్సు రాదు. ఆమె ఓటుతో ఎవరికీ పని లేదు గనక ఆమెతోనూ పని లేదు. పదవి ఎవరికి ఖాయం చేశారో ఫోన్లో తెలుస్తుంది.

ఖాయం చేసేది ఎవరు? ఊరి కూటమికి ఇంటికి ఒకరు రావాలంటారు. ఆ ఒకరు మగవాడే. అతను ఊర్లో లేకపోతే అతని తమ్ముడో, పదహారేళ్ల కొడుకో. భార్య వెళ్లదు, వెళ్లినా మాట్లాడదు. రచ్చకట్ట ఇళ్లను లెక్కపెడుతుంది, రాజ్యాంగం 326వ అధికరణం మనుషుల్ని లెక్కపెడుతుంది. ఈ తేడా చిన్నది కాదు. దీని వెనక పెద్ద చరిత్ర ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో స్త్రీలకు 1921లో ఓటు వచ్చినా అది ఆస్తి, పన్ను అర్హతలు ఉన్న కొద్దిమందికే. 1935 చట్టం ఆ సంఖ్యను పెంచింది గానీ, ఆస్తిపరుడైన ఓటరుకు భార్య కావడం కూడా ఓటుకు ఒక అర్హత అయింది. అంటే ఓటు కూడా తాళితో పాటే వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత మొదటి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు రాస్తున్నప్పుడు బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ వంటి రాష్ట్రాల్లో లక్షలాది స్త్రీలు తమ పేరు చెప్పలేదు. ఫలానావాడి భార్య అనో, ఫలానావాడి తల్లి అనో రాయించారు. సొంత పేరు లేకుండా ఎవరినీ ఓటరుగా ఒప్పుకునేది లేదని ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్ పట్టుబట్టడంతో దాదాపు 28 లక్షల మంది స్త్రీలు ఆ ఎన్నికల్లో జాబితాకెక్కలేదు. ఆ నిర్ణయం కఠినమైనదే. అంతమంది ఓటు పోయిందని విమర్శించవచ్చు. కానీ ఓటరు అంటే ఒక ఇంటి మనిషి కాదు, ఒక మనిషి అని ప్రభుత్వం ఖరాఖండిగా చెప్పింది అప్పుడే. 2024 ఎన్నికల నాటికి ఆంధ్రప్రదేశ్ జాబితాలో పురుషులు సుమారు 2.03 కోట్లయితే, తమ సొంత పేరుతో ఉన్న స్త్రీలు 2.10 కోట్లు. ఏకగ్రీవం ఈ 2.10 కోట్ల మందిని మళ్లీ ఫలానావాడి భార్యలుగా మార్చేస్తుంది.

రహస్య ఓటు అనేదాన్ని మనం చాలా తేలిగ్గా తీసుకుంటాం. 2021 పంచాయతీ ఎన్నికలు బ్యాలెట్ కాగితాలతో జరిగాయి. మూడు వైపులా అట్టముక్కలు నిలబెట్టిన ఆ చోట ఆమె ఒక్కతే ఉంటుంది. మొగుడు రాలేడు, అత్త రాలేదు, ఎవరి చేలో కూలికి పోతుందో ఆ రెడ్డి రాలేడు. పల్లెలో పుట్టి పెరిగిన స్త్రీకి తన మనసులో మాటను ఎవరి భయమూ లేకుండా బయటపెట్టుకునే చోటు అదొక్కటే కావచ్చు. మా ఇంట్లో ఓట్లన్నీ ఒకదానికే అని మొగవాళ్లు చెబుతుంటే ఆడవాళ్లు ముసిముసిగా నవ్వుకోవడం ఈ ప్రాంతంలో తిరిగినప్పుడు నేను చాలాసార్లు చూశాను. ఆ నవ్వులోనే కొంత ప్రజాస్వామ్యం ఉంది. ఓటింగు లేకపోతే ఆ అట్టముక్కల చాటూ లేదు.

ఇక్కడ ఒక గట్టి వాదాన్ని ఎదుర్కోవాలి. దాన్ని తప్పించుకుంటే ఈ వ్యాసానికి అర్థం లేదు. పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో ఎన్నిక అంటే ఒకప్పుడు ఏమిటో అందరికీ తెలుసు. ఫ్యాక్షన్. నామినేషన్ వేసినవాడు ఊర్లో తిరగలేడు, వేసినవాడికి సంతకం పెట్టినవాడు చేనికి పోలేడు. పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవీంద్రను 2005 జనవరి 24న అనంతపురంలో హత్య చేశారు. తర్వాత వచ్చిన ఉప ఎన్నికలో ఆయన భార్య సునీత గెలిచారు. ఆమె పేరు పత్రికల్లో వచ్చింది. ఇరువర్గాల్లోనూ అనుచరులుగా చచ్చిపోయినవాళ్ల భార్యల పేర్లు రాలేదు. పసుపు కుంకుమలు పోయి, కేసుల ఖర్చులకు చేను పోయి, పిల్లల్ని చంకనేసుకుని పుట్టింటికి చేరినవాళ్లు వాళ్లు. అలాంటి ఊర్లో ఒక తల్లి, ఓటు లేకపోతే పోయింది, నా కొడుకు బతికుంటే చాలు అంటే ఆమెకు మనం ఏం చెప్పగలం? ఏకగ్రీవం ఆమెకు శాంతిగానే కనిపిస్తుంది. హైదరాబాదులో కూర్చుని ప్రజాస్వామ్య పాఠాలు చెప్పేవాళ్ల కంటే ఆమెకు ఎన్నికల గురించి ఎక్కువ తెలుసు.

అయినా నేను ఒప్పుకోలేను. ఆ శాంతి ఒప్పందం ఎవరి మధ్య కుదురుతుందో చూడండి. కొట్టుకున్నదీ ఇద్దరు పెద్దలే, రాజీపడిందీ ఆ ఇద్దరే. రెండున్నరేళ్లు మీవాడు, రెండున్నరేళ్లు మావాడు. పనుల్లో కాంట్రాక్టులు సగం సగం. హింస వల్ల ఎక్కువ నష్టపోయిన స్త్రీలు కొట్లాటలోనూ అడగబడలేదు, రాజీలోనూ అడగబడలేదు. హింసకు కారణమైనది ఓటు కాదు. ఓటును తన సొంతమనుకున్న పెత్తనం. అదే పెత్తనం రాజీకి కూర్చుంటే ఫ్యాక్షన్ తగ్గినట్టు కనిపిస్తుంది గానీ పెత్తనం అలాగే ఉంటుంది. నిజంగా హింస తగ్గాలంటే సాయుధ రక్షణ, ముందస్తు బైండోవర్ కేసులు, బూతుల్లో మహిళా సిబ్బంది, ఆస్తుల మీద విచారణ, ఇలాంటివి కావాలి. ఇవి ప్రభుత్వం చేయాల్సిన పనులు. వీటిని చేయలేక, మీరే సర్దుకోండి, డబ్బిస్తాం అంటే అది శాంతిభద్రతల బాధ్యతను బాధితుల మీదికి నెట్టడమే. ఆ బేరంలో ప్రభుత్వానికి పోలీసు బందోబస్తు ఖర్చు కూడా మిగులుతుంది.

పోటీ ఉన్నచోట స్త్రీలు ఏం చేయగలరో మన రాష్ట్రంలోనే చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం ఊరూరికీ పాకింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబర్ ఎన్నికల్లో సంపూర్ణ మద్యనిషేధం ప్రధాన వాగ్దానమయింది. 1995 జనవరిలో అది చట్టమయింది. 1997లో ఎత్తేశారు, అది వేరే కథ, మనకు కడుపుమంట తగ్గని కథ. కానీ ఆడవాళ్ల కోపాన్ని పార్టీలు లెక్కలోకి తీసుకున్నది అధికారం కోసం ఇద్దరు పోటీపడుతున్నారు కాబట్టే. ఒక్కరే ఉంటే వాగ్దానం చేయాల్సిన పనేముంది? అదే సంగతిని మరో రకంగా 2024లో చూశాం. పెనుకొండ శాసనసభ స్థానంలో ప్రధాన అభ్యర్థులిద్దరూ స్త్రీలే, సవిత గెలిచారు, ఉషశ్రీ చరణ్ ఓడిపోయారు. ఓబులదేవరచెరువు మండలం ఉన్న పుట్టపర్తి స్థానం నుంచి పల్లె సింధూరారెడ్డి గెలిచారు. వీళ్లకు కుటుంబాల, పార్టీల అండ ఉండవచ్చు, ఉంది. కానీ వీళ్లు ఊరూరా తిరిగి ఓటడగాల్సి వచ్చింది. ఏకగ్రీవ సర్పంచ్ ఎవరినీ అడగలేదు. కాబట్టి ఎవరికీ జవాబు చెప్పదు, తనను కూర్చోబెట్టినవాళ్లకు తప్ప.

రిజర్వేషన్లు ఉన్నాయి కదా అంటారు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి మూడో వంతు స్థానాలిచ్చింది, మన రాష్ట్రంలో తర్వాత అది సగమయింది. నిజానికి రిజర్వేషన్‌కు గండి కొట్టడానికి సులువైన దారి ఏకగ్రీవమే. ఎస్సీ మహిళకు రిజర్వయిన ఊర్లో ఎవరు నిలబడాలో ఆ కులం స్త్రీలు తేల్చుకోరు, భూములున్న కులం పెద్దలు తేలుస్తారు. తమ పొలంలో పనిచేసేవాడి భార్యనో, చదువు రాని మనిషినో వెతికి నామినేషన్ వేయిస్తారు. ఎదురు నిలబడగల మరో స్త్రీ, సంఘంలో లెక్కలు రాసే మనిషి, వేలిముద్ర నుంచి సంతకానికి వచ్చిన మనిషి ఉన్నా ఆమెను కూర్చోబెట్టేస్తారు. తమిళనాడు మదురై జిల్లాలో పాపాపట్టి, కీరిపట్టి గ్రామాల్లో 1996లో అధ్యక్ష పదవి దళితులకు రిజర్వయితే పదేళ్లపాటు అక్కడ పంచాయతీ సరిగా ఏర్పడలేదు. ఎవరూ నిలబడకుండా చేశారు, నిలబడి గెలిచినవాళ్లతో వెంటనే రాజీనామా చేయించారు. 2006లో గానీ ఆ పట్టు సడలలేదు. అదే జిల్లా మేలవలవులో 1997లో దళిత పంచాయతీ అధ్యక్షుడు మురుగేశన్‌నూ మరో ఐదుగురినీ చంపేశారు. ఊరంతా ఒక్కమాట మీద ఉండడం అంటే ఇదీ కావచ్చు.

నిలబడే హక్కును చట్టమే కత్తిరించిన సందర్భం కూడా మనకు తెలుసు. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం ఇద్దరికంటే ఎక్కువమంది పిల్లలున్నవాళ్లను పోటీకి అనర్హుల్ని చేసింది. ఎంతమందిని కనాలో తేల్చుకునే అధికారం ఏ ఇంట్లోనూ లేని మనిషిని, కన్నందుకు శిక్షించింది. హర్యానాలోని ఇలాంటి నిబంధనను 2003లో సుప్రీంకోర్టు సమర్థించింది. ముప్పై ఏళ్ల తర్వాత, 2024 నవంబర్‌లో మన శాసనసభ ఆ నిబంధనను ఎత్తేసింది. స్త్రీల హక్కు గుర్తొచ్చి కాదు, జననాల రేటు పడిపోతోందని. పెట్టినప్పుడూ మనల్ని అడగలేదు, తీసేసినప్పుడూ అడగలేదు. ఏమైనా తీసేయడం మంచిదే. మూడో బిడ్డ ఉందని ముప్పై ఏళ్లు పక్కన పెట్టిన స్త్రీలు ఇప్పుడు నామినేషన్ వేయవచ్చు. ఆ నామినేషన్‌ను మూడో రోజున ఏకగ్రీవం పేరుతో వెనక్కి తీయించకుండా చూసుకోవడమే మిగిలింది.

నిజంగా అందరికీ నచ్చిన మనిషి ఒకరే ఉండి, పోటీ రాకపోతే తప్పేముందని అడగవచ్చు. తప్పేం లేదు. అలాంటి ఊరు ఉంటే సంతోషమే. అయితే అది తెలుసుకునే మార్గం కూడా ఓటే. అందరికీ నచ్చిందో లేదో పోటీదారుల్ని కూర్చోబెట్టినవాడి మాట మీద ఎలా నమ్ముతాం? శాసనసభ, పార్లమెంటు ఎన్నికలకు 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో నోటా వచ్చింది, ఎవరూ నచ్చలేదని చెప్పడం కూడా ఓటరు భావప్రకటనలో భాగమని. ఒక్కరే మిగిలినచోట ఆ ఒక్కరూ వద్దు అని చెప్పే వీలు మాత్రం ఓటరుకు లేదు. ఒక్క అభ్యర్థి ఉన్నా పోలింగు జరగాలని, నోటాకు ఎక్కువ ఓట్లు వస్తే మళ్లీ నామినేషన్లు పిలవాలని మన సంఘాలు అడగాలి. ఏకగ్రీవ నజరానాలు రద్దుచేసి ఆ డబ్బును పంచాయతీలన్నిటికీ జనాభా ప్రకారం ఇవ్వమని అడగాలి.

చట్టం మారేదాకా కూర్చోనక్కర్లేదు. ఉపసంహరణ గడువు చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల దాకా ఎన్నికల అధికారి ఆఫీసు బయట ఏం జరుగుతుందో పోలింగు రోజు బూతు దగ్గర జరిగేదానికంటే ముఖ్యమైనది. జీపులు అక్కడికే వస్తాయి, కాగితాల మీద సంతకాలు అక్కడే పడతాయి. ఆ రోజున మండల కేంద్రంలో మన సంఘాల నుంచి ఒక పదిమంది స్త్రీలు ఉండాలి. ఏ మహిళా అభ్యర్థి వెనక్కి తీసుకుంటోందో, పక్కన ఎవరున్నారో, ఆమె తన నోటితో చెబుతోందో లేదో రాసుకోవాలి. వేలంపాట జరిగిందని తెలిస్తే ఎవరు పాడారు, ఎంతకు, ఏ గుడికి అనే వివరాలతో అదే రోజు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోవాలి. బెంగుళూరులో ఉన్న మన ఊరి ఆడవాళ్లకు నామినేషన్ల తేదీలు ముందే చెప్పాలి, పోలింగు తేదీ కాదు, నామినేషన్ల తేదీ. బస్సు చార్జీ పార్టీలివ్వని ఆ రోజుకు రానూపోనూ డబ్బులు సంఘం పొదుపులోంచి ఇవ్వగలమా అనేది వచ్చే సమావేశంలో మాట్లాడుకోవాల్సిన విషయం.